తొలితరం నటుల చేవ్రాళ్లు: చింతమడక నుంచి ఒక చూపు

తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం దశాబ్దాల పాటు రాసుకున్నాం. ఆ తేదీకే సభలూ జరుపుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికా ప్రకటనలూ సెన్సారు వివరాలూ వెతికి పట్టుకుని, ఆ చిత్రం సెన్సారైంది 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమా హాల్లో మొదటి ఆట పడింది 1932 ఫిబ్రవరి 6న అనీ తేల్చారు. చూసి చెప్పుకుందామంటే ఆ సినిమా ప్రింటు మిగల్లేదు. లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయి గురించీ, హిరణ్యకశిపుడిగా నటించిన మునిపల్లె సుబ్బయ్య గురించీ, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి పనితనం గురించీ ఇవాళ మాట్లాడాలంటే కాగితాలే దిక్కు.

తొలితరం నటీనటుల చేవ్రాళ్ల సేకరణను నేను ఈ వరసలోనే చూస్తాను. సంతకం పెట్టిన ఫొటో, పాటల పుస్తకం, ఉత్తరం, రశీదు, నాటకం కాంట్రాక్టు కాగితం అన్నీ ఇందులోకి వస్తాయి. చాలామందికి ఇది స్టాంపులూ నాణేలూ దాచుకోవడం లాంటి సరదా. అందులో తప్పేమీ లేదు. కానీ బొమ్మ చెరిగిపోయి, గొంతు అరిగిపోయి, వేదిక కూలిపోయిన కళ విషయంలో ఆ మనిషి స్వయంగా కాగితం మీద గీసిన గీత మిగిలితే దాన్ని చరిత్రకు ఆధారంగా లెక్కించాలన్నది నా వాదన. ఆధారమని ఒప్పుకున్నాక ఏది ఏరుకోవాలి, ఏది నమ్మాలి, ఎలా దాచాలి అన్న లెక్కలన్నీ మారతాయి. ఇన్నాళ్లూ మన సేకర్తలు పట్టించుకోని మనుషులు కూడా లెక్కలోకి వస్తారు.

ఈ విషయాన్ని నేను చూసేది చింతమడక నుంచి. ఈ ఊరిని రాష్ట్రమంతా తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు పుట్టిన ఊరుగా ఎరుగును. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. 1948 సెప్టెంబరు దాకా నిజాం ఏలుబడి. సినిమా పెరిగిన మద్రాసుకూ, నాటక సమాజాలు వెలిగిన తెనాలి, బెజవాడ, ఏలూరు, బందరులకూ ఇలాంటి ఊరు ఎంతో దూరం. ఆటోగ్రాఫ్ పుస్తకం పట్టుకుని స్టేజీ వెనక నిలబడే కాలేజీ కుర్రాళ్లను మనం ఇక్కడ ఊహించుకోలేం. ఈ ప్రాంతపు పల్లెలకు ఆట అంటే చిందు బాగోతం, యక్షగానం, ఒగ్గుకథ. రాత్రి మొదలైతే తెల్లారేదాకా నడిచేవి. చెర్విరాల బాగయ్య రాసిన యక్షగానాలు అచ్చు పుస్తకాలై తెలంగాణ పల్లెలన్నీ తిరిగాయి. కాబట్టి ఈ ఊళ్లో నిలబడి చూసినప్పుడు ఎవరి సంతకం మిగిలింది అని అడిగి ఊరుకుంటే సరిపోదు. ఎవరి సంతకం లేదు, ఎందుకు లేదు అని కూడా అడగాలి.

ముందు సంతకాలు మిగిలిన వాళ్ల సంగతి. సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని ఉత్తరంగా పోతే కరీంనగర్. 1909లో అక్కడ పుట్టిన పైడి జైరాజ్ హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1929లో బొంబాయి చేరి, మూకీల్లో నాయకుడయ్యారు. టాకీలు వచ్చాక హిందీ తెర మీద దశాబ్దాల పాటు నిలిచారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 2000లో కన్నుమూశారు. హైదరాబాద్ రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటరుకు ఆయన పేరే పెట్టారు. సేకరణ మొదలుపెట్టే తెలంగాణ పిల్లలకు నేను మొదట చెప్పే పేరు ఇదే. మూకీల నాటి నుంచి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా బతికిన మనిషి కాబట్టి ఆయన సంతకం ఎన్నో దశాబ్దాల మీదుగా దొరికే వీలుంది. యవ్వనంలో పెట్టిన సంతకాన్నీ, పురస్కారం అందుకున్నాక పెట్టిన దాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చెయ్యి ఎలా మారుతుందో అర్థమవుతుంది. ఆయన ఇక్కడి వాడన్న సంగతి ఇక్కడి వాళ్లకే తెలియకుండా పోయిన కాలం ఒకటి గడిచింది. ఆ లోటును తీర్చడంలో సేకర్తకు కూడా వాటా ఉంది.

జైరాజ్ పరిస్థితికి పూర్తిగా వ్యతిరేకం కాంచనమాలది. 'మాలపిల్ల', 'గృహలక్ష్మి' రెండూ 1938లోనే రాగా ఆమె పేరు ఆంధ్రదేశమంతా మార్మోగింది. 1942 నాటి 'బాలనాగమ్మ' తర్వాత అనారోగ్యంతో తెరకు దూరమైంది. 1963లో 'నర్తనశాల'లో చిన్న వేషంలో కనిపించి, 1981లో కన్నుమూసింది. పేరుప్రఖ్యాతులతో వెలిగిన కాలం కొద్ది ఏళ్లే కాబట్టి ఆ ఏళ్లలో పెట్టిన సంతకాలే ఉంటాయి, అవీ తక్కువే ఉంటాయి. ఎవరైనా కాంచనమాల సంతకమున్న ఫొటోలు బొత్తుగా తెచ్చి చూపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. ఎల్.వి. ప్రసాద్ సంగతి ఇంకోలా ఉంటుంది. 'భక్త ప్రహ్లాద'లో నటించిన ఆయన తర్వాత దర్శకుడై, నిర్మాతై, 1982 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం పొంది, 1994 దాకా జీవించారు. వ్యాపార కాగితాల మీదే ఎన్ని సంతకాలు చేసి ఉంటారో. ఆయన సంతకం దొరకడం గొప్ప కాదు, 1930ల నాటిది దొరకడం గొప్ప.

రంగస్థలం వాళ్ల దగ్గరికి వస్తే విషయం ఇంకా జటిలం. పాశ్చాత్యులకు ఆపెరా ఎలాగో మనకు పద్యనాటకం అలాగ. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్ర', కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' లేని తెలుగు ఊరు కోస్తాలో లేదు, రాయలసీమలో లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి సమాజం తెలుగు నేల నాలుగు చెరగులా తిరిగింది. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి వేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి 1971 దాకా ఉన్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణుడి వేషంతో పాటు ఈలపాటకూ పేరు తెచ్చుకున్న కల్యాణం రఘురామయ్య 1975లో మరణించారు. గొంతుతో జనాన్ని ఊపేసిన కపిలవాయి రామనాథశాస్త్రి మటుకు 1935లోనే, నలభై నిండకుండానే పోయారు. కాబట్టి ఈ ముగ్గురి చేవ్రాళ్లకూ ఒకే తూకం కుదరదు.

నటుల సంతకాలను వెతికేవాళ్లు సాధారణంగా ఫొటోల వెంట పడతారు. నేను వాళ్లను ఆఫీసు కాగితాల వైపు తిప్పాలనుకుంటాను. బళ్లారి రాఘవ వృత్తిరీత్యా న్యాయవాది. ఏలూరి బందా కనకలింగేశ్వరరావు కూడా న్యాయవాదే. కోర్టు కాగితాల మీద వాళ్లు పెట్టిన సంతకం అభిమాని కోసం పెట్టింది కాదు, అవసరం కోసం పెట్టింది. తేదీ పక్కనే ఉంటుంది, ఊరు పేరు ఉంటుంది, దొంగ సంతకం చేయడానికి ఎవరికీ కారణం ఉండదు. మిగతా నటులకైతే నాటకం కాంట్రాక్టర్లు రాయించుకున్న ఒప్పందాలు, సొమ్ము ముట్టినట్టు ఇచ్చిన రశీదులు ఉన్నాయి. ఆ కాలంలో ఇరవై రూపాయలు దాటిన రశీదు మీద అణా రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయాలి. స్టాంపు మీది రాజు బొమ్మను బట్టే కాలం సుమారుగా తెలుస్తుంది. ఇలాంటి రశీదు ఒకటి చేతిలో ఉంటే, అదే నటుడి పేరున తిరిగే ఫొటో సంతకాలన్నిటికీ అది ఒరిపిడి రాయి. అంతేకాదు, ఒక రాత్రి కృష్ణుడి వేషానికి ఎంత ముట్టిందో, రైలు ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా అలాంటి కాగితమే చెప్పగలదు. అందమైన ఫొటో పక్కన అది వెలవెలబోతుంది, నిజమే. కానీ నన్ను ఏరుకోమంటే రశీదునే ఏరుకుంటాను.

చేవ్రాలు ఏ కాలానిదో తేల్చడం ఈ పనిలో సగం. ఇక్కడ సిరా, కాగితం, అచ్చు, చిరునామా అన్నీ సాక్షులే. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరులో. మన ఊళ్ల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. 1946 ఏప్రిల్‌లో మరణించిన బళ్లారి రాఘవ పేరు మీద బాల్‌పెన్ సంతకం కనబడితే పక్కన పెట్టాల్సిందే. 1935లో పోయిన కపిలవాయి పేరు మీదైతే రెండో మాట అక్కర్లేదు. కానీ ఇదే పరీక్షను జైరాజ్ మీద గుడ్డిగా వాడకూడదు. 1930ల నాటి ఫొటో మీద ఆయన 1985లో బాల్‌పెన్నుతో సంతకం చేసి ఉండవచ్చు, అది నిఖార్సైనదే కావచ్చు. ఫొటో వయసూ సంతకం వయసూ ఒకటే కానక్కర్లేదు. ఈ తేడా తెలియక మంచి వస్తువును పారేసిన వాళ్లూ ఉన్నారు, చెడ్డ వస్తువును కొన్నవాళ్లూ ఉన్నారు.

ఫౌంటెన్ పెన్ను సంతకమైతే సిరా కాగితంలోకి ఇంకిన తీరు చూడాలి. తెలుగువాళ్లకు ఈ విషయంలో గర్వించే చరిత్ర ఉంది. రాజమండ్రిలో రత్నం పెన్నులు 1930లలోనే స్వదేశీగా తయారయ్యాయి, గాంధీ వాటిని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. గాంధీ తన చేవ్రాలు కోరిన వాళ్ల దగ్గర ఐదు రూపాయలు హరిజన నిధికి వసూలు చేసేవారన్నది కూడా ప్రసిద్ధమే. పాళీతో రాసినప్పుడు గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. భూతద్దం కింద చూస్తే ఆ ఒరవడి తడబడకుండా సాగిపోవాలి. నకలు రాసేవాడు అక్షరాన్ని చూస్తూ బొమ్మలా గీస్తాడు గనక మధ్యమధ్య ఆగుతాడు, ఆగినచోట సిరా చుక్క పెరుగుతుంది. సంతకం చుక్కలు చుక్కలుగా కనబడితే అది అచ్చు. నల్లటి ఫొటో మీద తెల్లటి అక్షరాలుంటే అది నెగటివ్ మీద ఒకసారి రాసి వందల ప్రతులు తీసినదై ఉండవచ్చు. అంచుల్లో సిరా పేరుకుని మధ్యలో పలచబడితే రబ్బరు ముద్ర కావచ్చు. ఇక రెండు వేర్వేరు కాగితాల మీది సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అణువణువూ సరిపోయాయంటే రెండూ చేత్తో పెట్టినవి కావు. ఏ మనిషీ తన సంతకాన్ని రెండుసార్లు ఒకేలా పెట్టలేడు.

ఫొటో కాగితం కూడా మాట్లాడుతుంది. రెజిన్ పూత ఉన్న నునుపు ఫొటో కాగితం వాడుకలోకి వచ్చింది 1960ల చివర, 1970ల మొదట్లో. అతినీలలోహిత దీపం కింద తెల్లగా, నీలంగా మెరిసే కాగితం 1950ల తర్వాతిదని అనుమానించాలి. పాటల పుస్తకం వెనక ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, నయా పైసల్లో ఉంటే తర్వాతిది. కవరు మీద పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఉత్తరం పైన అచ్చైన పేరుకు పద్మశ్రీ తగిలించి ఉంటే స్థానం వారికి 1956 తర్వాత, చిత్తూరు నాగయ్యకు 1965 తర్వాత అన్నమాట. 1939లో 'వరవిక్రయం'తో తెర మీదికి వచ్చిన భానుమతి 1943లో రామకృష్ణను పెళ్లి చేసుకున్నారు. పేరు పక్కన రామకృష్ణ అని ఉన్న చేవ్రాలును అంతకు ముందరి ఫొటో మీద చూపిస్తూ 'ఆనాడే పెట్టింది' అంటే నమ్మవద్దు. ఇవన్నీ ఖర్చులేని పరీక్షలు, పాత పుస్తకాలు చదివే అలవాటుంటే చాలు.

నిజాం ఇలాకాలో దొరికే కాగితాలకు అదనపు ఆనవాళ్లు ఉన్నాయి. కోస్తా సేకర్తలకు ఇవి కొత్తగా తోచవచ్చు. హైదరాబాద్ సంస్థానానికి 1950 దాకా సొంత తపాలా, సొంత స్టాంపులు నడిచాయి. రూపాయల లెక్క హాలీ సిక్కాలో ఉండేది, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. తేదీలు ఫసలీలో వేసేవాళ్లు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930-31. ఆజర్, దై, బహ్మన్ వంటి నెలల పేర్లు కనబడితే కంగారు పడనక్కర్లేదు. బడి చదువు ఉర్దూలో సాగిన రాజ్యం కాబట్టి తెలుగు మనిషి కూడా ఉర్దూలో దస్కతు చేసి ఉండవచ్చు. తెలుగు అక్షరాలు కనబడలేదని పాత దస్తావేజు కట్టను చిత్తుకాగితాల కింద అమ్మేసిన ఇళ్లు ఎన్నో. సినిమా సంగతులు వెతికేవాళ్లకూ ఈ ఇలాకా కాగితాలు ముఖ్యమే. ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు. 'రజియా బేగం' చిత్రం ఆడించినందుకు నిజాం ఆగ్రహించి 1924లో ఊరు విడిచిపొమ్మన్నారు. ఇక్కడి సినిమా తొలి అడుగులు ఆ కంపెనీవే. అప్పటి సర్కారీ కాగితాలు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. ఉర్దూ, పార్శీ చదవగలిగిన యువకులు నలుగురు ఆ దారిన వెళ్లాలని నా కోరిక.

చేవ్రాళ్ల సేకరణకు ప్రపంచంలో పాత చరిత్రే ఉంది. పదహారో శతాబ్దం నాటి జర్మనీ విద్యార్థులు గురువుల చేతా మిత్రుల చేతా పుస్తకాల్లో రాయించుకునేవారు. ఆపెరా గాయకుల్లో ఎన్రికో కరుసో సంతకంతో ఆగకుండా తన బొమ్మను తానే వ్యంగ్యంగా గీసి ఇచ్చేవాడు, ఇప్పుడు ఆ బొమ్మలకు విలువ ఎక్కువ. గ్రెటా గార్బో సంతకం పెట్టడానికే ఇష్టపడేది కాదు, కనుక దొరికిన కాస్తకూ పోటీ ఎక్కువ. హాలీవుడ్ తార జీన్ హార్లో పేరుతో వెళ్లిన ఫొటోల్లో చాలావాటి మీద ఆమె తల్లే సంతకం చేసింది. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా వాటిని ఇప్పటికీ కూతురివిగా అమ్ముతుంటారు. మద్రాసులో మాత్రం తారల ఇళ్లకు బస్తాల కొద్దీ వచ్చే ఉత్తరాలకు ప్రతిదానికీ తారే కూర్చుని సంతకం పెట్టారని ఎందుకు అనుకోవాలి? సహాయకులు పెట్టిన సంతకాన్ని దొంగ సరుకు అని తిట్టనక్కర్లేదు. అది అభిమానుల వ్యవహారం ఎలా నడిచిందో చెప్పే కాగితమే. కాకపోతే దాన్ని ఆ పేరుతోనే దాచాలి, ఆ పేరుతోనే అమ్మాలి.

పాశ్చాత్య బజారు నుంచి మనకు వచ్చిన రెండు అలవాట్లను నేను ఒప్పుకోను. మొదటిది, ఉత్తరంలోంచి సంతకం ఉన్న భాగాన్ని కత్తిరించి ఫ్రేము కట్టడం. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి సేకర్తలు ఈ పని విరివిగా చేసి ఎన్నో ఉత్తరాలను పాడుచేశారు. కత్తిరించిన ముక్కకు తేదీ ఉండదు, సందర్భం ఉండదు, ఎవరికి రాశారో ఉండదు. రెండోది, ఎవరి పేరూ రాయకుండా వట్టి సంతకం మాత్రమే ఉన్న ఫొటోకు ఎక్కువ ధర పెట్టడం. ఫలానా వారికి ఆశీస్సులతో అని పేరు రాసి ఉంటే కొత్త కొనుగోలుదారుకు నచ్చదట, ధర తగ్గుతుందట. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. ఫలానా ఊరి ఫలానా వారికి, ఫలానా తేదీన అని రాసి ఉన్న ఫొటో ఒక నాటక సమాజం ఎక్కడిదాకా వెళ్లిందో చెబుతుంది. సిద్దిపేటకో, జనగామకో, కరీంనగర్‌కో రాసిచ్చిన ఒక్క పంక్తి దొరికితే, ఆ సమాజం నిజాం రాజ్యంలో అడుగుపెట్టిందో లేదో తేల్చే వీలు కలుగుతుంది. అలాంటి పేరును చెరిపి అమ్మజూపే వ్యాపారి దగ్గర ఏమీ కొనకండి.

కొనడం అంటే మన దగ్గర ఇంకా ప్రధానంగా కాలిబాట వ్యవహారమే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, కోఠి పాత పుస్తకాల దుకాణాలు, విజయవాడ పాత పుస్తకాల వరసలు మన బజార్లు. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయినప్పుడు ఎంత సినిమా కాగితం బూడిదైందో లెక్క తీయగలవాళ్లు లేరు. ముంబయిలో హిందీ సినిమా పోస్టర్లకూ కాగితాలకూ వేలంపాటలు నడుస్తున్నాయి. తెలుగు నటుల చేవ్రాళ్లకు అలాంటి స్థిరమైన ధర పట్టిక ఏర్పడలేదు, అమ్మేవాడి అవసరం, కొనేవాడి ఆశ కలిసి ధర కడతాయి. ఇది సేకర్తకు లాభమని కొందరంటారు. నాకైతే భయం. ధర తెలియని వస్తువును ఇంట్లో వాళ్లు పారేస్తారు, ధర పెరిగిన వస్తువుకు నకళ్లు పుడతాయి. రెండింటికీ మందు ఒక్కటే. వస్తువు ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు అన్న వివరం రాసి దానితో పాటే ఉంచాలి. ఆ చీటీ లేని చేవ్రాలుకు నేను సగం విలువే ఇస్తాను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య, కళా విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులూ దస్తావేజులూ పురావస్తువుల కిందికే వస్తాయి. వాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు తాతగారి నాటక కాగితాలు పెట్టెలో సర్దుకునే ముందు ఇది చూసుకోవాలి. ఉత్తరం కొన్నంత మాత్రాన అందులోని రాతను అచ్చు వేసే హక్కు రాదు. కాపీరైటు రాసినవారిది, వారి తర్వాత వారసులది. ఇక దాచడం. లామినేషన్ చేయించవద్దు, చేసినది తిరిగి విడదీయలేం. సెలోటేపు అంటించవద్దు, కొన్నేళ్లకు గోధుమరంగు మరక మాత్రం మిగులుతుంది. ఎండ పడే గోడకు ఫ్రేము తగిలిస్తే సిరా వెలిసిపోతుంది, గోడకు నకలు పెట్టి అసలును చీకట్లో ఉంచండి. ఆమ్లం లేని కాగితపు కవర్లు, పాలిస్టర్ తొడుగులు మంచివి. మన పల్లెల్లో చెదలు, వెండిపురుగు, వానాకాలపు చెమ్మ మూడూ శత్రువులే కనుక ఇనప ట్రంకుపెట్టెను గోడకు ఆనించకుండా ఎత్తు మీద పెట్టాలి, అప్పుడప్పుడు తెరిచి గాలి తగలనివ్వాలి. రెండు వైపులా స్కాన్ చేయించాలి. వెనక వైపే ఎక్కువ సమాచారం ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన ప్రశ్న. ఎవరి సంతకం లేదు?

1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యత పదిశాతం కూడా లేదు. చింతమడక లాంటి ఊళ్లలో తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన చిందు, ఒగ్గు, శారదకథ కళాకారులు పుట్టిన కులాలకు బడి ఇంకా దూరం. వాళ్లు వందల పద్యాలూ దరువులూ నోటికి చెప్పగలరు, పేరు రాయలేరు. పెద్ద నటుల చేవ్రాళ్లతో ఆల్బం నింపి ఇదే తెలుగు రంగస్థల చరిత్ర అనుకుంటే, రాత వచ్చినవాళ్ల చరిత్ర రాసుకుని మిగతా వాళ్లను వదిలేసినట్టే. పురుష వేషాలూ స్త్రీ వేషాలూ రెండూ కట్టి నిజామాబాద్ ప్రాంతాన్ని ఊపిన చిందు ఎల్లమ్మ 2005లో వెళ్లిపోయింది. ఒగ్గుకథను పల్లె దాటించి పెద్ద వేదికల మీదికి తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. గుర్తింపు రావడం సంతోషమే. కానీ అవార్డు అందుకున్న ఒకరి వెనక పేరు కూడా ఎక్కడా నమోదు కాని మేళాలు ఎన్ని ఉన్నాయి!

రాయలేని కళాకారుడి చేవ్రాలు ఏది అంటే, పాత గ్రామఫోను రికార్డులు దారి చూపుతాయి. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో పలికింది. ఆ కాలపు రికార్డుల్లో చాలామంది గాయకులు అలా పేరు చెప్పేవారు, మైనపు పలక మీద నమోదైన పాట ఎవరిదో ముద్రించేవాళ్లకు తెలియడానికి అది ఆనవాలు అన్నది బాగా తెలిసిన వివరణ. కారణం ఏదైనా, అవి గొంతుతో చేసిన సంతకాలు. వందేళ్లు దాటినా ఆ పేరు ఆ మనిషి నోటి నుంచే వినిపిస్తుంది. ఏ నకలు రాతగాడూ దాన్ని చేత్తో దొంగిలించలేడు. రికార్డు లేబులు మీది సంతకం కోసం వందలు పోసేవాళ్లు ఆ రికార్డును ఒక్కసారి తిప్పి వింటే బాగుంటుందని నా మనవి.

పాత కాగితాల్లో కళాకారుల వేలిముద్రలు దొరికితే సంతకంతో సమానంగా దాచాలి. భూమి దస్తావేజు కావచ్చు, అప్పు పత్రం కావచ్చు, మేళాలు ఆడుకునే మిరాశీ ఊళ్ల పంపకం కాగితం కావచ్చు. పక్కన గుమాస్తా రాసిన పేరు, సాక్షుల పేర్లు, తేదీ ఉంటాయి గనక చరిత్రకారుడికి అది గొప్ప నిధి. అయితే బతికున్న వాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఇవాళ వేలిముద్రతోనే పింఛను, రేషను, బ్యాంకు లావాదేవీలు నడుస్తున్నాయి. అభిమానం పేరుతో ఒక ముసలి కళాకారుడి వేలిముద్ర తీసుకుని దాన్ని ఫొటో తీసి పంచడం అతని సొమ్మును ప్రమాదంలో పెట్టడమే. అది ఎవరూ చేయవద్దు. వాళ్ల దగ్గర గొంతు తీసుకోవాలి.

పని పెద్దది కాదు. సిద్దిపేట జిల్లాలో ఏ ఊళ్లో చిందు మేళం ఉందో, ఒగ్గు పూజారులు ఉన్నారో ఆ ఊరి జనానికి తెలుసు. ఫోను ప్రతి ఇంట్లో ఉంది. పెద్దవాళ్ల అనుమతి అడిగి, వాళ్ల నోటితో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, గురువు పేరు, కట్టిన వేషాలు, తిరిగిన ఊళ్లు చెప్పించి, చివర ఇష్టమైన దరువు ఒకటి పాడించి భద్రపరచండి. రికార్డు చేసిన తేదీ మీ గొంతుతో చెప్పండి. ఒక ప్రతి ఆ కుటుంబానికి ఇవ్వండి. వాళ్ల సమయానికి మీకు తోచినంత సొమ్ము ముట్టజెప్పండి, వాళ్లు బతికేది ఆటపాటల మీదే. ఇంట్లో తాతల నాటి పాటల పుస్తకమో, నాటకం కరపత్రమో, ఉర్దూ కాగితమో ఉంటే కత్తిరించకుండా, లామినేషన్ చేయకుండా స్కాన్ తీయించండి. దాచే ఓపిక లేకపోతే 1901 నుంచి నడుస్తున్న హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయానికో, పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కో ఇవ్వజూపండి. చిత్తుకాగితాల బండికి మాత్రం వేయకండి. ఎనభై దాటిన కళాకారులున్న ఊళ్లకు ఈ ఎండాకాలమే వెళ్లండి.